నామినేషన్ పత్రంలో కడుపు లెక్క

2024లో అమెరికా అధ్యక్ష ఎన్నికలు అమెరికాలో ఎలా జరిగాయో గానీ, మా మేడ్చల్‌లో మాత్రం బ్రహ్మాండంగా జరిగాయి. కండ్లకోయ, గుండ్లపోచంపల్లి, మైసమ్మగూడ - ఈ దారంతా ఇంజనీరింగ్ కాలేజీలే. ప్రతి కాలనీలోనూ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కొడుకో కూతురో ఉన్న ఇల్లు ఒకటైనా ఉంటుంది. వీసాల బెంగ సరే, అది ఎప్పుడూ ఉండేదే. ఆ ఏడాది దానికి బంధుత్వం కూడా తోడైంది. జులైలో జె.డి. వాన్స్‌ని రిపబ్లికన్ పార్టీ ఉపాధ్యక్ష అభ్యర్థిగా ప్రకటించగానే టీవీ కెమెరాలు పశ్చిమగోదావరి జిల్లా వడ్లూరు చేరాయి. ఉషా చిలుకూరి వాన్స్ పూర్వీకుల ఊరట. వాన్స్ రాత్రికి రాత్రి తెలుగింటి అల్లుడయ్యాడు. అటుపక్క కమలా హారిస్ కోసం తమిళనాడు తులసేంద్రపురంలో గుడిలో పూజలు. ఆ అల్లుడుగారికి స్త్రీల గర్భం గురించి ఏ అభిప్రాయాలున్నాయో, పిల్లలు లేని ఆడవాళ్లని పిల్లులు పెంచుకునేవాళ్లని 2021లో ఎందుకు ఎద్దేవా చేశాడో మాట్లాడిన ఛానల్ నా కంటపడలేదు.

మా స్టాఫ్ రూమ్‌లో మాత్రం ఆ ప్రస్తావన వచ్చింది. "ఆమె గెలిస్తే అబార్షన్ హక్కు ఉంటుంది, అతను గెలిస్తే పోతుంది. మీరు స్త్రీవాదులు కదా, మీరే పక్షం?" అని ఒక సహోద్యోగి అడిగారు. అబార్షన్ హక్కు ఉండి తీరాలి. దాని మీద నాకు రెండో మాట లేదు. కానీ ఆ ప్రశ్న అడిగిన తీరు నన్ను చాలా రోజులు చికాకు పెట్టింది. రెండు గళ్లు గీసి ఒకదాంట్లో టిక్కు పెట్టమనడమేమిటి? ప్రో-లైఫ్ అట, ప్రో-ఛాయిస్ అట. ఒకటి ఎర్ర గడి, ఒకటి నీలం గడి. నా చుట్టూ ఉన్న స్త్రీల బతుకుల్లో ఏ ఒక్కటీ ఆ గళ్లలో పట్టదే!

అసలు ఆ గళ్లు ఎప్పుడు గీశారు? మొదట్నుంచీ ఉన్నవేం కాదు. రో వర్సెస్ వేడ్ తీర్పు 1973 జనవరి 22న వచ్చింది. తొమ్మిదిమంది న్యాయమూర్తుల్లో ఏడుగురు అబార్షన్ హక్కు వైపు నిలబడ్డారు. ఆ ఏడుగురిలో ఐదుగురిని నియమించింది రిపబ్లికన్ అధ్యక్షులే. తీర్పు రాసిన బ్లాక్‌మన్‌ని నియమించింది సాక్షాత్తూ నిక్సన్. వ్యతిరేకించిన ఇద్దరిలో ఒకరైన బైరన్ వైట్, డెమొక్రాట్ అయిన కెన్నెడీ నియమించిన మనిషి. అంతకు ఆరేళ్ల ముందు, 1967లో, కాలిఫోర్నియాలో అబార్షన్ చట్టాన్ని సడలించే బిల్లు మీద సంతకం పెట్టిన గవర్నరు రొనాల్డ్ రీగన్. ఆ రీగనే 1980లో అధ్యక్ష పదవికి పోటీ చేసేనాటికి అతని పార్టీ గర్భస్థ పిండం కోసం రాజ్యాంగాన్నే సవరిస్తానంటోంది. మధ్యలో పిండం మారలేదు, ఆడదాని కష్టం మారలేదు. కాథలిక్కుల ఓట్లూ, దక్షిణాది ఇవాంజెలికల్ క్రైస్తవుల ఓట్లూ ఎటు పోతాయన్న లెక్క మారింది.

మరి నీలం గడివాళ్లు? పేదవాళ్ల వైద్యానికి ప్రభుత్వం ఇచ్చే మెడికెయిడ్ డబ్బుని అబార్షన్‌కి వాడకూడదని 1976లో హైడ్ సవరణ వచ్చింది. అప్పుడు కాంగ్రెస్‌లో మెజారిటీ డెమొక్రాట్లదే. మరుసటి ఏడాది అధ్యక్షుడైన డెమొక్రాట్ కార్టర్ కూడా దాన్ని సమర్థించాడు. ఆ 1977 అక్టోబర్‌లోనే టెక్సాస్‌లో రోజీ హిమెనెజ్ అనే 27 ఏళ్ల ఒంటరి తల్లి, చదువుకుంటున్న అమ్మాయి, చవక దారి వెతుక్కుని ఇన్‌ఫెక్షన్‌తో చనిపోయింది. హక్కు కాగితం మీద ఉంది, ఆమె పర్సులో డబ్బు లేదు. అప్పట్నుంచీ ఏ పార్టీ ఏలినా ఆ సవరణ బడ్జెట్లలో కొనసాగుతూనే ఉంది. పేద స్త్రీ దగ్గరికొచ్చేసరికి రెండు పార్టీల మధ్యా పెద్ద గొడవ లేదన్నమాట.

గొడవ పడేచోట ఎలా పడతారో కూడా చూడండి. అబార్షన్ గురించి మాట్లాడే విదేశీ సంస్థలకి అమెరికా కుటుంబ నియంత్రణ నిధులు ఇవ్వకూడదని 1984లో రీగన్ ప్రభుత్వం ఒక నియమం పెట్టింది. 1993లో క్లింటన్ తీసేశాడు. 2001లో బుష్ పెట్టాడు. 2009లో ఒబామా తీసేశాడు. 2017లో ట్రంప్ పెట్టాడు, 2021లో బైడెన్ తీసేశాడు, 2025 జనవరిలో ట్రంప్ మళ్లీ పెట్టాడు. అద్దెకున్నవాళ్లు మారినప్పుడల్లా గోడకి సున్నం వేసినట్టు! ఆ గోడ వెనక ఆఫ్రికాలోనో ఆసియాలోనో ఒక చిన్న క్లినిక్ తెరుచుకోవడం, మూతపడడం. అక్కడికి నడిచి వెళ్లే స్త్రీకి ఆ ఎన్నికల్లో ఓటు లేదు.

2022 జూన్ 24న డాబ్స్ తీర్పుతో రో పోయింది. ఆ తర్వాత జరిగింది నాకు చాలా ఆసక్తిగా అనిపిస్తుంది. ఈ ప్రశ్నని పార్టీ గుర్తు నుంచి విడదీసి నేరుగా ప్రజల్ని అడిగినచోట జవాబు వేరుగా వచ్చింది. రిపబ్లికన్ల కోట అనుకునే కాన్సస్‌లో 2022 ఆగస్టులో వందకి 59 మంది హక్కుని తీసేయడానికి ఒప్పుకోలేదు. వాన్స్ సొంత రాష్ట్రం ఒహాయోలో, అతను వద్దని ప్రచారం చేసినా, 2023 నవంబర్‌లో సుమారు 57 శాతం మంది ఆ హక్కుని రాష్ట్ర రాజ్యాంగంలో రాయించుకున్నారు. 2024 నవంబర్‌లో పది రాష్ట్రాల్లో ఓటింగు పెడితే ఏడింట్లో హక్కు గెలిచింది. ఫ్లోరిడాలో 57 శాతం వచ్చినా అక్కడ 60 కావాలి కాబట్టి ఓడిపోయింది. మిస్సోరి, అరిజోనా, మోంటానా, నెవాడాల్లో ఒకే రోజున ట్రంప్ కూడా గెలిచాడు, అబార్షన్ హక్కు కూడా గెలిచింది. ఆ ఓటర్లది అయోమయం అన్నారు వ్యాఖ్యాతలు. నాకలా అనిపించలేదు. తమ ఒంటి సంగతి ఏ పార్టీకీ గుత్తకివ్వలేదు వాళ్లు.

ఇదంతా క్లాసులో చెప్పినప్పుడు పిల్లలు నవ్వుతారు. "మన దగ్గర 1971 నుంచే చట్టం ఉంది కదా మేడమ్, ఈ విషయంలో మనమే నయం" అంటారు. ఎన్నికల్లో ఎవరూ దీని మీద ఓట్లడగరు కాబట్టి మనకి గొడవ లేదని వాళ్ల నమ్మకం. ఈ 'మనమే నయం' అన్న మాట దగ్గర ఆగాలి.

1971 చట్టం మనం పోరాడి తెచ్చుకున్నది కాదు. 1964లో వేసిన శాంతిలాల్ షా కమిటీ నాటు పద్ధతుల వల్ల చచ్చిపోతున్న స్త్రీల గురించి రాసింది నిజమే. కానీ ఆ రోజుల్లో ప్రభుత్వాన్ని తొందరపెట్టిన భయం జనాభా. అందుకే ఆ చట్టంలో హక్కు అన్న మాట లేదు. గర్భస్రావం చేయించడం 1860 నాటి శిక్షాస్మృతిలో 312వ సెక్షన్ కింద నేరం. 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 88వ సెక్షన్ అయింది. 1971 చట్టం ఆ నేరంలోంచి డాక్టరుకి ఇచ్చిన మినహాయింపు మాత్రమే. డాక్టరు సరేనంటే సరే. 2021 సవరణ గడువుని కొందరికి 24 వారాలకి పెంచింది. పెళ్లికాని స్త్రీలకీ అది వర్తిస్తుందని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు చెప్పింది. మంచిదే. అయినా తాళంచెవి డాక్టరు జేబులోనే ఉంది. మేజరైన స్త్రీకి తన సంతకం ఒక్కటే చాలని చట్టం చెబుతోంది. కానీ నా స్నేహితురాలికి తోడుగా ఈ శివార్లలోనే ఒక ఆసుపత్రికి వెళ్లినప్పుడు కౌంటర్లో మొదటి మాట "భర్త ఏరీ?" అనే. చట్టం ప్రింటు తీసి చూపించినా "మా రూల్స్ మావి" అన్నారు.

ఇక ఎన్నికల సంగతి. మన దేశంలో గర్భం ఎన్నికల విషయం కాలేదనడం కూడా నిజం కాదు. ఎమర్జెన్సీలో, ఒక్క 1976-77లోనే, 80 లక్షలకి పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి, ఎక్కువ భాగం మగవాళ్లకి. 1977లో ఉత్తరాది ఆ కోపాన్ని ఓటు పెట్టెలో వేసింది. మన రాష్ట్రం వెయ్యలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 42 లోక్‌సభ స్థానాల్లో కాంగ్రెస్‌కి 41 వచ్చాయి. ఆ ఎన్నికల నుంచి పార్టీలన్నీ ఒక పాఠం నేర్చుకున్నాయి. మగవాడి ఒంటి మీద చెయ్యి వేస్తే ప్రభుత్వాలు పడిపోతాయి. ఆడవాళ్ల ఒంటి మీద వేస్తే? ఇప్పటిదాకా ఏ ప్రభుత్వమూ పడలేదు. పేపర్లలో 'కు.ని. ఆపరేషన్' అన్న పొట్టి మాట స్థిరపడింది. మా వైపు ఊళ్లలో 'ఆపరేషన్ అయింది' అంటే ఇంకేం అడగక్కర్లేదు, అది ఆమెకే, అదే ఆపరేషన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 62 శాతం ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. మగవాళ్లది రెండు శాతం దగ్గర.

దీన్ని రాజకీయంగా పట్టుకున్నది పార్టీలు కాదు, స్త్రీల సంఘాలు. మేడ్చల్‌కి పడమటగా ఉన్న పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 1985లో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగానికి స్త్రీలని తీసుకొచ్చినప్పుడు, ఇది ప్రయోగమని వాళ్లకి చెప్పారా అని అడిగింది స్త్రీశక్తి సంఘటన. 1986లో ఢిల్లీ సహేలీ వంటి సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకి వెళ్లింది. 'సవాలక్ష సందేహాలు' పుస్తకం వెనక కూడా ఆ అనుభవం ఉందనుకుంటాను నేను. నీ ఒంటి గురించి నీకు తెలియాలి, తెలిశాకే సరే అనాలి. అబార్షన్ కావాలా వద్దా అని కాదు వాళ్లడిగింది. నీకెవరైనా చెప్పారా, నిన్నెవరైనా అడిగారా అని. అమెరికా గళ్లలో ఈ ప్రశ్నకి చోటు లేదు.

చోటు వెతికినవాళ్లు అక్కడ లేకపోలేదు. 1994 జూన్‌లో షికాగోలో కొందరు నల్లజాతి స్త్రీలు కూచుని, ఛాయిస్ అన్న మాట మాకు చాలదన్నారు. కనకుండా ఉండే హక్కుతో పాటు కనే హక్కు, కన్న పిల్లల్ని భద్రంగా పెంచుకునే హక్కు కూడా కావాలన్నారు. దానికి పునరుత్పత్తి న్యాయం అని పేరు పెట్టారు. బలవంతపు ఆపరేషన్ల చరిత్ర వాళ్లకీ ఉంది. ఆ సెప్టెంబర్‌లో కైరో సదస్సులో ప్రపంచ దేశాలన్నీ, మనతో సహా, జనాభా టార్గెట్లు వదిలి స్త్రీల ఆరోగ్యం చూస్తామని ఒప్పుకున్నాయి. అదే నెలలో మన పార్లమెంటు లింగ నిర్ధారణ పరీక్షల నిషేధ చట్టం చేసింది.

అదే 1994లో, వీటన్నిటికన్నా ముందు, మే నెలాఖరులో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం అమల్లోకి వచ్చింది. మూడో వంతు సీట్లు స్త్రీలకి. మనమంతా సంతోషించాం. ఆ చట్టంలోనే 19వ సెక్షన్‌లో ఒక చిన్న నిబంధన. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు పోటీకి అనర్హులు. సర్దుకోవడానికి ఒక ఏడాది గడువిచ్చారు. ఒక చేత్తో కుర్చీ ఇచ్చి రెండో చేత్తో కడుపు లెక్కపెట్టారు. ఎంపీలకీ ఎమ్మెల్యేలకీ కూడా ఇలాంటి నిబంధనే పెట్టాలని 1992లో 79వ రాజ్యాంగ సవరణ బిల్లు తెచ్చారు. అది ఎప్పటికీ ఆమోదం పొందలేదు. ఎందుకు పొందుతుంది? కాంగ్రెస్ హయాంలో వచ్చిన నిబంధనని తెలుగుదేశం ఉంచింది, మళ్లీ వచ్చిన కాంగ్రెస్ ఉంచింది, రాష్ట్రం విడిపోయాక 2018లో టి.ఆర్.ఎస్. ప్రభుత్వం కొత్త పంచాయతీరాజ్ చట్టం రాస్తూ 21వ సెక్షన్‌లో మళ్లీ రాసుకుంది. 2003 జులైలో హర్యానా కేసులో సుప్రీంకోర్టు ఇది సబబేనంది. అమెరికాలో రెండు పార్టీలు గర్భం మీద కొట్టుకుంటే ఇక్కడ అన్ని పార్టీలూ ఏకగ్రీవం. ఏది నయమో మా పిల్లలే చెప్పాలి.

షామీర్‌పేట వైపు ఊళ్లలో పొదుపు సంఘాల స్త్రీల దగ్గర కూచుని నేను ఈ నిబంధన గురించి అడుగుతూ వచ్చాను. ఇద్దరి మాటలు ఇక్కడ రాస్తాను. ఒకామె సంఘానికి లీడరు, బ్యాంకు పనులన్నీ ఆమే చూస్తుంది. 2013లో సర్పంచి సీటు ఆడవాళ్లకి వచ్చినప్పుడు ఊరు ఆమె పేరే అనుకుంది. ఇద్దరాడపిల్లల తర్వాత కొడుకు. నామినేషన్ వేయలేకపోయింది, తోడికోడలు వేసింది. "మొగపిల్లగాడు గావాలని ముగ్గుర్ని కనమన్నది గీళ్లే. గా మూడోటోడు అడ్డమున్నడు, నువ్వు పనికిరావన్నది గీళ్లే" అంది. కోపంగా కూడా అనలేదు, బియ్యంలో రాళ్లు ఏరుతూ అంది.

రెండో ఆమె మాట్లాడటానికి నాలుగు వారాలు పట్టింది. 2006 పంచాయతీ ఎన్నికల సంగతి. "సీటు ఆడోళ్లకు పడ్డది, నాకు గప్పుడే నెల తప్పింది. మా ఆయన ఒక్కమాట గూడ గట్టిగ అనలే అక్కా. గోలీలు తెచ్చిచ్చిండు." గోలీలు ఆర్.ఎం.పి. దగ్గరివి. పదిహేను రోజులు రక్తం పోతూనే ఉంది. ఆ పదిహేను రోజులూ ఆమె ప్రచారంలో తిరిగింది, చేతులు జోడించి. గెలిచింది కూడా.

ఈమెని ఏ గడిలో పెట్టాలి? ఆమె అబార్షన్ చేయించుకుంది, ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. కాబట్టి ఛాయిస్ అందామా? ఆ పిల్లని ఆమె కనాలనుకుందో లేదో ఎవరూ అడగలేదు, ఆమె కూడా తనని తాను అడుక్కోలేదు. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఐదు రాష్ట్రాల్లో ఈ నిబంధన ఏం చేసిందో భోపాల్‌లోని మహిళా చేతనా మంచ్ తరఫున నిర్మలా బుచ్ అధ్యయనం చేశారు, 2005లో ప్రచురించారు. అబార్షన్లు, భార్యని వదిలేయడం, పుట్టిన బిడ్డ మాది కాదనడం, దత్తత ఇచ్చేయడం - అన్నీ ఉన్నాయందులో. పదవి కోసం వదిలించుకున్నది ఎక్కువగా ఆడపిల్లల్నే అని వేరే చెప్పాలా?

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి మాటల దగ్గర నేను కొంచెం ఎక్కువ సేపు ఆగుతాను. ఆడపిల్లల్ని కాపాడాలన్న ప్రచారంలో 'భ్రూణహత్య' అన్న మాట గోడలకెక్కింది. మేడ్చల్ బస్టాండు చుట్టుపక్కల స్కానింగ్ సెంటర్ల బోర్డుల కింద కూచునే స్త్రీలని అడిగితే అబార్షన్ మొత్తమే నేరమంటారు. హత్య అన్నాక నేరం కాకుండా ఎలా ఉంటుంది? ఆ మాట అమెరికా దాకా కూడా వెళ్లింది. ఇండియానాలో 2016లో గవర్నర్ మైక్ పెన్స్ సంతకం పెట్టిన చట్టం లింగాన్ని బట్టి చేయించుకునే అబార్షన్లని నిషేధించింది. అలాంటి చట్టాలకి సాక్ష్యంగా భారతీయుల, చైనీయుల ఆడపిల్లల వివక్షని చూపించారు. మన ఆడపిల్లల చావు వాళ్ల ఎన్నికలకి ముడిసరుకైంది. అట్లాంటి దేశంలోనే, హైదరాబాద్‌లో పుట్టి అమెరికన్ సాహిత్యంలో డాక్టరేట్ చేసిన గజాలా హష్మీ వర్జీనియా సెనేట్‌లో గర్భనిరోధక సాధనాల హక్కు కోసం బిల్లు పెట్టారు. 2024లో గవర్నరు దాన్ని వీటో చేశాడు. 2025 నవంబర్‌లో ఆమె లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచినప్పుడు నేను చూసిన తెలుగు వార్తల్లో ఆమె పుట్టిన ఊరు ఉంది గానీ ఆ బిల్లు లేదు.

డాబ్స్ తీర్పు వచ్చిన రెండు నెలలకి, 2022 ఆగస్టు 25న, మా నగరానికి అవతలి చివర ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో క్యాంపు పెట్టి ఒక్కరోజులో 34 మంది స్త్రీలకి కు.ని. ఆపరేషన్లు చేశారు. వాళ్లలో నలుగురు ఆ వారంలోనే చనిపోయారు. అందరూ చిన్న వయసువాళ్లు, చిన్న పిల్లల తల్లులు. పరిహారం ప్రకటించారు, విచారణ వేశారు, ప్రతిపక్షాలు రాజీనామా అడిగాయి. మునుగోడు ఉపఎన్నిక వేడి అప్పటికే మొదలై ఉంది. ఆ రెండు నెలల్లో అమెరికా తీర్పు మీద మన విశ్వవిద్యాలయాల్లో చర్చలు జరిగాయి, నేనూ ఒకదాంట్లో మాట్లాడాను. క్యాంపుల్లో ఆడవాళ్లని వరసగా పడుకోబెట్టే పద్ధతి మీద ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ నాకు ఒక్క వాక్యం దొరకలేదు.

ఇప్పుడు లెక్క తిరగబడింది. 1997లో జనాభా తగ్గించడానికి రాష్ట్ర విధానం తెచ్చి, టార్గెట్లూ బహుమతులూ పెట్టిన చంద్రబాబు నాయుడే 2024లో ఎక్కువమందిని కనమంటున్నారు. ఆ నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ఇద్దరు పిల్లల నిబంధనని ఎత్తేసింది. ముసలివాళ్లు పెరుగుతున్నారు, నియోజకవర్గాల పునర్విభజనలో దక్షిణాదికి సీట్లు తగ్గుతాయి అని కారణాలు. అక్కడ 2025 జనవరిలో మన అల్లుడుగారు కూడా అమెరికాకి ఇంకా ఎక్కువమంది పిల్లలు కావాలన్నారు. అప్పుడు ఎక్కువైందీ ఇప్పుడు తక్కువైందీ ఓట్లే, సీట్లే.

తెలంగాణ మంత్రివర్గం 2025 అక్టోబర్‌లో నిబంధన తొలగించాలని నిర్ణయించింది. డిసెంబర్‌లో 31 జిల్లాల్లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో జరగలేదు. షామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లన్నీ అంతకుముందే మునిసిపాలిటీల్లో కలిసిపోయాయి, ఇక్కడ పంచాయతీలే లేవు. ఆ సంఘం లీడరుకి ఈ కబురు చెబితే "గిప్పుడు తీసిన్రా?" అని, కొడుకు డిగ్రీ సర్టిఫికెట్ల జిరాక్సుల గురించి మాట్లాడింది.

1995 నుంచి 2019 దాకా ఈ రెండు మండలాల్లో ఇద్దరు పిల్లల నిబంధన కింద తిరస్కరించిన నామినేషన్ల కాగితాలు నేను పోగు చేస్తున్నాను. మండల ఆఫీసులోంచి కొన్ని మునిసిపాలిటీలకి వెళ్లాయి, కొన్ని సంచుల్లో కట్టి ఉన్నాయి. మీ ఊళ్లలో, మీ ఇళ్లలో ఇలాంటి అనుభవం ఉన్నవాళ్లుంటే రాయండి. పేర్లు అక్కర్లేదు, ఊరి పేరూ ఎన్నికల సంవత్సరమూ చాలు.